రాదన్న మాట

చందానగర్,
జూన్ 8

బిడ్డ సౌజన్యకు మీ తాత ఓదెలు రాసేది.

ముందుగాల క్షేమం రాయాలంటరు. నేను బాగనే ఉన్న, చెవులు తప్ప. చెవి మిషను పెట్టుకుంటే షాపుల కత్తెర చప్పుడు తలకాయల కొడుతున్నది. తీసి డబ్బల పెట్టిన. ఫోన్ల నువ్వు మాట్లాడేది నాకు వినపడది, నేను మాట్లాడేది మాత్రం బజారంత వింటది. గందుకే ఉత్తరం. నాకు అక్షరాలు నేర్పింది నువ్వే గద. మూడో తరగతిల ఉన్నప్పుడు పలక మీద రాసి నా చెయ్యి పట్టి దిద్దిచ్చినవ్. తప్పు రాస్తే నెత్తి మీద మొట్టినవ్. దీంట్ల తప్పులుంటే అవి పంతులమ్మయి.

ఇగ సంగతి. ఉగాదికి వచ్చి పోయినవ్. తర్వాత ఒక్క ఆదివారం రాలే. ఉద్యోగానికొచ్చిన నాలుగేండ్ల నుంచి ప్రతి ఆదివారం వచ్చి, నా ముందట పీట మీద కూసొని, తలకు నూనె పెట్టిచ్చుకొని, జడ ఏపిచ్చుకొని పోయెటిదానివి. ఇప్పటికి పది ఆదివారాలైనయ్.

నిజాంపేట నుంచి ఇక్కడికి నాలాంటి ముసలోడు నడిచొస్తే రెండు గంటలు. నీకు కాళ్లున్నయ్, ఆటోలున్నయ్. మూడే కారణాలుండాలె. నా మీద కోపం. లేకుంటే ఒంట్ల బాగలేదు. లేకుంటే ఎవడన్న దొరికిండు. మూడిట్ల ఏదో రాయి. ఎవడన్న దొరికితే వాని తల ఎట్లుందో రాయి, మనిషి సంగతి నాకు తెలుస్తది.

రెండుసార్లు అడిగిపియ్యకు.

తాత ఓదెలు
కటింగ్ షాపు, పాత పోస్టాఫీసు సందు


నిజాంపేట,
జూన్ 17

తాతా,

ఏడెనిమిది కిలోమీటర్లు రావడానికి నీ ఉత్తరానికి ఐదు రోజులు పట్టింది. హాస్టల్ వార్డెన్ ఆంటీ అటూ ఇటూ తిప్పి చూసి "కోర్టు నోటీసా అమ్మా?" అని అడిగింది. నా రూంమేట్ ప్రియాంక స్టాంపును ఫోటో తీసుకుంది.

కోపం లేదు. ఎవరూ దొరకలేదు. దొరికితే తల ఫోటో పంపిస్తాను. ఆఫీసులో రిలీజ్ దగ్గర పడింది, శని ఆదివారాలు కూడా పనే. నేను టెస్టర్ని కదా, అందరూ చేసిన తప్పులు చివరికి నా దగ్గరికే వస్తాయి.

ఇంకో సంగతి. చిన్న సమస్య ఉండి మాదాపూర్‌లో ఒక క్లినిక్‌కు వెళ్తున్నాను. పెద్దదేం కాదు. మూలకణాల చికిత్స అంటారు. నీకు ఇంగ్లీషు రాదని వాళ్ల పాంప్లెట్‌లో ఉన్న తెలుగు మాటే రాస్తున్నాను. రెండు వారాలకొకసారి, మొత్తం ఆరుసార్లు సూదులు. అప్పటిదాకా తలకు నూనె పెట్టొద్దన్నారు, ఎక్కువ తిరగొద్దన్నారు. అందుకే రాలేను. నువ్వూ రావద్దు, హాస్టల్లో మగవాళ్లను పైకి రానివ్వరు. సిద్దిపేటకు ఫోన్ చేసి నాన్నకు చెప్పకు.

చెవి మిషను డబ్బాలోంచి తియ్యి.

సౌజన్య


చందానగర్,
జూన్ 26

బిడ్డా,

మూల అనంగనే నాకు సమజైంది. మొలలు. మా కాలంల మూలశంక అందురు, ఇప్పుడు మూలకణం అంటున్రు. బోర్డు మారింది, రోగం అదే.

సిగ్గుపడకు. నాకు లగ్గమైన కొత్తల్నే వచ్చినయ్. మా నాయినకుండె. మీ నాయినకు ఉన్నయ్, చెప్పుకోడు. నేను నలభై ఏడేండ్లు నిలబడి పనిచేసిన. నాకే వచ్చినయంటే, పొద్దుందాక కుర్చీల కూసునేదానికి నీకు రావా.

సూదులు మానెయ్. కంద తిను. ఉడకబెట్టి చింతపండు పోసి వండాలె, లేకుంటే గొంతు దురద. మజ్జిగ తాగు. కారం ముట్టకు. మార్కెట్ల మంచి కంద దొరికింది, నాలుగు కిలోలది. మన సందుల రాజయ్య మీ ఆఫీసు దిక్కు పాల వ్యాను తోలుతడు. ఆయనతోని ఆఫీసుకే పంపిస్తున్న. గంత పెద్ద ఆఫీసుల సౌజన్యలు ఎంతమందో. ఇంకొకరికి పోకుంట సంచి మీద నీ పేరు, కింద రోగం పేరు రాపిచ్చిన.

ఒక్కటే సమజైతలేదు. మొలలకు, తలకు నూనె ఎందుకొద్దన్నడు ఆ డాక్టరు? నూనె పెట్టేది మీద. రోగం ఉన్నది కింద. వాన్ని అడిగి రాయి.

తాత


నిజాంపేట,
జూలై 6

తాతా,

కంద చేరింది. సెక్యూరిటీ అతను స్కానింగ్ మిషన్లో పెట్టి చూసి, ఇదేంటో అర్థం కాక మైకులో నా పేరు పిలిచాడు. సంచి మీద నువ్వు రాయించింది మా టీం లీడ్ కిరణ్ గారు చదివారు. మర్నాటికి నా కుర్చీలో మధ్యలో చిల్లున్న దిండు ఒకటి ఉంది. మంచి మనిషి.

అవును తాతా. అదే. మొలలే. సగం కంద ప్రియాంక వండింది. బాగుంది.

నూనె సంగతి డాక్టర్ని అడిగాను. వేడి చేస్తుందట.

రెండు సూదులు అయ్యాయి. ఇంకా నాలుగు. నొప్పి పర్వాలేదు.

ఊరికే ఒకటి అడుగుతాను. నీకు చిన్న వయసులోనే బట్టతల వచ్చింది కదా. అప్పుడు బాధపడ్డావా? ఎన్నాళ్లు పడ్డావు?

సౌజన్య


చందానగర్,
జూలై 17

బిడ్డా,

బట్టతల సంగతి అడిగినవ్. ముప్పై ఏండ్లకే పోయింది. అప్పుడు షాపుల అద్దాలు రెండుండె, ముందొకటి ఎనకొకటి. గిరాకీకి వాని తల చూపిద్దామంటే అండ్ల నా తల గూడ కనపడేది, ముందుది ఎనకది. ఎనక అద్దం తీసేసి దేవుని క్యాలెండర్ తగిలేసిన. బాధపడ్డనా అంటే, ఒక క్యాలెండర్ మందం పడ్డ. మొగోన్ని, నెత్తి మీద వెంట్రుకల్లేకుంటే ఎవడడుగుతడు.

మొలల సంగతి సందుల అందరు అడుగుతున్రు. చెప్పినవా అంటే నేను చెప్పలే, మాట్లాడిన, విన్నరు. ఎదురింటి సత్తెమ్మ నీకు తగ్గితే కొమురెల్లి మల్లన్నకు బోనం ఎత్తుతనని మొక్కుకుంది. ఇగ అది నువ్వు, మల్లన్న చూసుకోండ్రి.

ఇప్పుడు ఇది విను. మొన్న మంగళారం మజ్జిగ క్యాను పట్టుకొని మీ హాస్టల్ కాడికొచ్చిన. ఎదురుంగ చాయ్ హోటల్ల కూసున్న. ఆరింటికి నీ క్యాబ్ వచ్చింది. నువ్వు నన్ను చూడలే. నేను చూసిన. దిగి గేటు దాక ఉరికినవ్. మొలలున్న మనిషి ఉరకదు. గాలి కొట్టింది. నువ్వు చున్నీ పట్టుకున్నవ్, రెండు చేతుల్తోని, చెవుల మీద. ఎండ లేదు, వాన లేదు. ఆ చున్నీ కిందికెళ్లి జడ బయటికి రావాలె. రాలే.

పిలవలే. నేను పిలిస్తే నిజాంపేటంత పలుకుతది. మజ్జిగ చాయ్ హోటలాయనకు ఇచ్చి ఇంటికొచ్చిన.

నీ రోగం కింద లేదు. ఏందో రాయి. ఇష్టం లేకుంటే రాయకు. కాని అబద్ధం రాసి నాతోని కంద మోపియ్యకు.

తాత


నిజాంపేట,
జూలై 27

తాతా,

చెవి వెనక మొదలైంది, ఉగాది అయిన వారానికి. రూపాయి బిళ్లంత. "ఇక్కడేంటే, ఎవరో రబ్బరుతో తుడిచినట్టుంది" అంది ప్రియాంక. జూన్‌కు అరచెయ్యంత అయింది. ఇప్పుడు మూడు చోట్ల. డాక్టరు దానికి అలోపీషియా అరియేటా అని పేరు చెప్పాడు. మూలకణాలంటే, నా ఒంట్లోంచి తీసిన కణాలనే మళ్లీ తలలోకి ఎక్కిస్తే అవి విత్తనాల్లా పనిచేసి కొత్త వెంట్రుకలు మొలుస్తాయట.

మొలలు కాదు తాతా. క్షమించు. మొలలే నయమనిపించింది. మొలలంటే దిండు ఇచ్చారు. ఇది చెప్పుకుంటే ఏమిస్తారు?

పొద్దున లేవగానే కళ్లు తెరవకుండా చేత్తో దిండు తడుముతాను. మీటింగుల్లో కెమెరా ఆపేసి నెట్ బాలేదంటాను. అమ్మ వీడియో కాల్ చేస్తే ఫ్యాను చూపిస్తాను. ఆఫీసు లిఫ్టులో మూడు వైపులా అద్దాలు. అందుకని తొమ్మిదో అంతస్తుకు మెట్లెక్కి పోతున్నాను. ఆరోగ్యం మీద శ్రద్ధ పెరిగిందని అందరూ మెచ్చుకుంటున్నారు.

నీ దగ్గరికి ఎందుకు రావట్లేదంటే, భయం. డాక్టరు వస్తుందంటాడు. గూగుల్ రాదంటుంది. ప్రియాంక ఏడుస్తుంది. అవన్నీ తట్టుకోగలను. నువ్వు నా తల మీద చెయ్యి పెట్టి ఒక్కసారి "రాదు" అన్నావంటే ఇక రాదు. షాపుకొచ్చిన ఎవరి తలనైనా ఒక్క చూపు చూసి చెప్పేవాడివి. ఆ మాట తప్పిందని నువ్వు ఎప్పుడూ అనలేదు. నాలుగు సూదులు అయ్యాయి, ఆరోది అయ్యేదాకా నాకు నీ మాట వద్దు.

పాంప్లెట్ కూడా పెడుతున్నాను, చదువుకో. కోప్పడకు.

సౌజన్య


చందానగర్,
ఆగస్టు 9

బిడ్డా,

పేనుకొరుకుడు. అది దాని పేరు. పేనుతోని దానికి పని లేదు, పేరు అట్ల పడ్డది. సందుల ఎవరినడిగినా చెప్తరు. దానికి రెండు ఇంగ్లీషు మాటలు, ఆరు సూదులు ఎందుకు?

పాంప్లెట్ మీద అడ్రస్ ఉండె. మెట్రో దిగి అడుక్కుంట పోయిన. అంత అద్దాలే. చెప్పులు బయట ఇడవాల్నా అంటే, వద్దు సార్ అంది అక్కడి పిల్ల. నా నెత్తి దిక్కు చూసి "సార్, మీ కేసు మంచిగుంది" అంది. డెబ్బై రెండేండ్లకు నా కేసు మంచిగున్నదంట. కాఫీ ఇచ్చిన్రు. తాగిన.

గోడ మీద ఫోటోలున్నయ్, ముందు ఇట్లుండె, ఆరు నెలలకు ఇట్లైంది అని. ఒక్కొక్కటి నిలబడి చూసిన. ముందు ఫోటోల తల తడిపి, నడుమ పాపిట తీసి, మీదికెళ్లి లైటు ఏసిన్రు. తర్వాత ఫోటోల ఆరబెట్టి, ముందుకు దువ్వి, నల్ల పౌడరు అద్దిన్రు. ఇది కణం పని కాదు, దువ్వెన పని. ఒకని గదువ మీద బ్లేడు గాటుంది. ముందు ఫోటోల తాజాగ ఉంది, ఆరు నెలల తర్వాత ఫోటోల గూడ తాజాగనే ఉంది. ఆరు నెలలు మానని గాటు నేనింతవరకు పెట్టలే.

డాక్టరొచ్చిండు. నిండు జుట్టు. చూడంగనే సమజైంది, గమ్ముతోని అంటించింది, ఎడమ దిక్కు లేస్తున్నది. "అయ్యా, ఆ కణాలేందో నువ్వెందుకు ఎక్కిచ్చుకోలే?" అని అడిగిన. మెల్లగనే అడిగిన. హాలంత లేచి నిలబడ్డది. "మా సౌజన్యకు పేనుకొరుకుడు, మూడు చోట్ల, నాలుగు సూదులు పొడిచిన్రు, మొలిచిన ఒక్క వెంట్రుక చూపియ్యి" అన్న. టోపీ పెట్టుకున్నాయన ఒకడు మొఖానికి పేపరు అడ్డం పెట్టుకున్నడు. ఇద్దరు లేచి పోయిన్రు. నన్ను సెక్యూరిటోళ్లు లిఫ్టు దాక మర్యాదగ తోల్కపోయిన్రు.

చెప్పొద్దన్నవ్. అయినా చెప్తున్న. రాదు. నీకు నిజం చెప్పకుంటే నేను తాతనెట్లయిత. ఆదివారం రా.

తాత


నిజాంపేట,
ఆగస్టు 19

ఓదెలు గారికి,

పేపరు అడ్డం పెట్టుకున్న టోపీ ఆయన కిరణ్ గారు. మా టీం లీడ్. ఆయన అక్కడికి వస్తారని నాకు తెలీదు, నేను వెళ్తానని ఆయనకు తెలీదు. మీ పుణ్యమా అని ఇద్దరికీ తెలిసింది. సోమవారం నా దగ్గరికొచ్చి "దిండు ఇంకా కావాలా?" అని అడిగారు. వద్దన్నాను. తీసుకుపోయారు. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఇద్దరం ఒకరి తల ఒకరం చూడకుండా గోడ గడియారం చూస్తూ మాట్లాడుకుంటున్నాం.

మిగిలిన రెండు సూదులకు రావద్దని క్లినిక్ వాళ్లు ఫోన్ చేశారు.

మోసమని నాకు తెలీదనుకున్నారా? నేను చేసే ఉద్యోగమే తప్పులు పట్టడం. ఆ గదువ మీద గాటు మొదటిరోజే చూశాను. అయినా వెళ్లాను. శనివారం పొద్దున క్యాబ్‌లో వెళ్లేటప్పుడు ఒక గంట, వచ్చేటప్పుడు ఒక గంట, నాకు వెంట్రుకలు వస్తున్నట్టే ఉండేది. తలలో చురుకు పుడుతుంటే అవే అనుకునేదాన్ని. ఆ రెండు గంటలు చాలు, పదిహేను రోజులు మెట్లెక్కేదాన్ని. అవి ఇప్పుడు లేవు. వద్దన్న మాట అననే అన్నారు, చూడకుండానే అన్నారు.

ఇక ఉత్తరాలు రాయకండి.

సౌజన్య


చందానగర్,
సెప్టెంబరు 2

సౌజన్యకు,

రాయొద్దన్నవ్. రాస్తున్న. చదవకుంటే నీ ఇష్టం.

మీరు అన్నవ్. నన్ను మీరు అన్నది బ్యాంకోడు, ఓట్లకొచ్చేటోడు, ఇప్పుడు నువ్వు.

నీ ఉత్తరం పట్టుకొని సత్తెమ్మ ఇంటికి పోయిన. నిజం చెప్తే ఎట్ల రాసిందో చూడు అన్న. సత్తెమ్మ ఊ కొట్టలే. బియ్యం చెరుగుకుంట ఒక్క మాటంది. "రుక్కవ్వకు గూడ గట్లనే అంటివి గద."

మీ నాయినమ్మ రుక్కమ్మకు టైఫాయిడ్ వచ్చింది, నువ్వు బడికి పోయే ముందటి మాట. జుట్టంత ఊడి నడిమిట్ల నున్నగైంది. వస్తదా అని నన్నడిగింది. షాపు కుర్చీల కూసోపెట్టి, చూసి, చెప్పిన. రాదు. ఆ దినం నుంచి నెత్తి మీద కొంగు తియ్యలే. బతికినన్నేండ్లు. ఇంట్ల, బయట, పక్క మీద గూడ. పెద్దరికం వచ్చిందేమో అనుకున్న. నన్ను తల ముట్టనియ్యలే. పోయిననాడు గూడ ఆడోళ్లే తానం పోసి పసుపు గుడ్డ కట్టిన్రు. నేను చూడలే.

సత్తెమ్మ ఇన్నేండ్లకు చెప్పింది. వచ్చిందంట. రెండేండ్లల్ల మల్ల వచ్చింది, నడుము దాక. "ఆయనకు చెప్పకు, రాదన్నడు గద, రాలేదనే అనుకోనీ" అందంట మీ నాయినమ్మ. నేను రోజు బువ్వ తిని పండుకున్న ఇంట్ల, నాకు తెల్వకుంట.

నాలుగు దినాల నుంచి షాపు తెరవలే. జ్వరమని చెప్పిన. జ్వరం లేదు.

గందుకే రాస్తున్న. నా మాట తప్పింది. నీకు చూడకుండనే చెప్పిన, అది ఇంకో తప్పు. వెంట్రుక వస్తదా రాదా, నాకు తెల్వదు. ఈ మాట నలభై ఏడేండ్లల్ల ఎవ్వరితోని అనలే. ఆ సూదోడు మోసగాడు, గదొక్కటి ఖాయం. సర్కారు దవాఖానల తోలు రోగాలు చూసే డాక్టరమ్మ ఉందంట, రాజయ్య బిడ్డకు చూసింది. కావాలంటే పో. నేను ఎంబడి రాను. వస్తే అరుస్త.

అరిచింది తప్పైంది.

ఓదెలు


నిజాంపేట,
సెప్టెంబరు 10

తాతా,

నాకు తెలుసు. ఎండాకాలం సెలవుల్లో నువ్వు షాపులో ఉన్నప్పుడు నాయనమ్మ తలుపు గడియ పెట్టి నాతో జడ వేయించుకునేది. తెల్లగా, దళసరిగా, నా పిడికిట్లో పట్టేది కాదు. తాతకు చెప్తే మళ్లీ ఊడుతుందంది. అప్పుడు నమ్మాను. పెద్దయ్యాక నమ్మకపోయినా చెప్పలేదు, ఆమె పోయాక నీకు చెప్పి ఏం లాభమని. చెప్పి ఉండాల్సింది.

జుట్టంతా వచ్చాక కూడా ఆమె కొంగు తియ్యలేదు తాతా. అందుకే నాకు నీ మాటంటే అంత భయం.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. పేనుకొరుకుడే అంది, అచ్చంగా ఆ మాటే. "రావచ్చు, రాకపోవచ్చు, వచ్చి మళ్లీ పోవచ్చు" అని మందు రాసింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. తర్వాత ఆకలేసింది. చాలా రోజులైంది ఆకలేసి.

ఆదివారం వస్తున్నాను. చూడు. కానీ ఏం కనిపించినా చెప్పకు. మంచిదైనా చెప్పకు. నేను అడిగేదాకా.

సౌజన్య


చందానగర్,
సెప్టెంబరు 15

బిడ్డా,

వచ్చి పోయినవ్. చున్నీ నువ్వే తీసినవ్. నేను చూసిన. చెప్పొద్దన్నవ్, చెప్పలే. నోరు మూసుకొని కూసునుడు గింత కష్టమని నాకు తెల్వదు. నువ్వు పోయినంక సత్తెమ్మ వచ్చి ఎట్లుందని అడిగింది. ఆమెకు చెప్పలే. అలిగి పోయింది. ఇయ్యాల గిరాకీ ఒకడు టోపీ తీసి, ఓదెలన్నా, వస్తదా అన్నడు. నాకు తెల్వదన్న. వాడు కూసోకుండనే వేరే షాపుకు పోయిండు.

ఉత్తరంలనన్న రాస్తడేమో అని రెండుసార్లు చదువుతవ్. రాయలే.

వచ్చే ఆదివారం జర జల్ది రా. తొమ్మిదిటి లోపల. మా వాకిట్ల ఎండ సక్కగ పడేది అప్పుడే. మదీనాగూడ పోయి చష్మాల దుకాణంల భూతద్దం కొనుక్కొచ్చిన. పెద్దదే ఇచ్చిండు.

ఎందుకని అడగకు.

తాత